ఆ పిల్లకు కోపమొచ్చిన ఆదివారం

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు, ఇన్నేళ్లలో మిమ్మల్ని బాగా ఏడిపించిన పిల్లలెవరు ఆంటీ అని. అల్లరి పిల్లల కథలు చెబుతానని ఆశపడతారు పాపం. అలాంటివాళ్లకు కొదవ లేదు. నీళ్ల ట్యాంకులోకి దిగి ఈత కొట్టినవాడున్నాడు. ప్రార్థన మధ్యలో గదిలోకి పిల్లిని వదిలినవాడున్నాడు. కానీ నన్ను అందరికంటే ఎక్కువ కంగారు పెట్టింది మాత్రం, చెప్పిన మాట చెప్పినట్టు వినే ఒక పదేళ్ల పిల్ల. ఆ పిల్ల సంగతే చెబుతాను. పేర్లు అడగకండి. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదవుతోంది. తన కథ తను ఎవరికి చెప్పుకోవాలో తనే చూసుకుంటుంది.

ముందు మా సంగతి. మాది బాపట్ల వైపు. మా ఆయనకు హైదరాబాదులో ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగమైతే వెంట వచ్చాను. మేం వెళ్లే చర్చి పెద్దలు కొందరు కలిసి కిషన్‌బాగ్‌లో పిల్లల కోసం ఒక హోమ్ నడిపేవారు. హాస్టల్ లాంటిది కాదు. ఒకే కాంపౌండులో నాలుగు చిన్న ఇళ్లు, ఒక్కో ఇంట్లో ఒక జంట, ఆ జంట దగ్గర ఏడెనిమిది మంది పిల్లలు. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లు, ఎవరూ పట్టించుకోక వీధిన పడ్డవాళ్లు, బాలల సంక్షేమ కమిటీ పంపితే మా దగ్గరికి వచ్చేవారు. హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు, మావాళ్లు, అందరూ ఉండేవారు. వాళ్ల ఇల్లు బాగుపడేదాకానో, నమ్మకమైన బంధువు దొరికేదాకానో మాతో ఉంటారు. మా అమ్మాయి చదువు ముగించి ఉద్యోగంలో చేరాక ఇల్లు బోసిపోయిందని నేనే మా ఆయన్ని ఒప్పించి అక్కడికి మార్చాను. ఆయన పొద్దున ఆఫీసుకు వెళ్లి సాయంత్రం వచ్చేవారు. నాది మాత్రం పొద్దస్తమానం ఉద్యోగం. హౌస్ మదర్ అని పెద్ద పేరు గానీ, పని మాత్రం అన్ని ఇళ్లలో ఉన్నదే. వంట, స్నానాలు, హోంవర్కు, జ్వరాలు, పేలు, పోట్లాటలు.

ఆ పిల్ల తమ్ముడితో కలిసి వచ్చింది. వాడికి నాలుగేళ్లుంటాయి. తల్లి పోయింది. తండ్రి తాగుతాడు, తాగితే కొడతాడు. ఇద్దర్నీ లోపల పెట్టి బయట తాళం వేసి వెళ్లి మర్నాటిదాకా రాకపోయేసరికి పక్కింటివాళ్లు ఫోను చేశారట. పిల్ల ఎడమ చెయ్యి ఎప్పుడో విరిగి, సరిగ్గా కట్టు పడక, కాస్త వంకరగా అతుక్కుంది. వచ్చిన రోజున ఆ వంకర చేత్తోనే తమ్ముణ్ణి చంకనేసుకుని ఆటో దిగింది. నేను ఎత్తుకుంటాను ఇవ్వమంటే, "వద్దాంటీ, నాకు అలవాటే" అంది.

అది నిజంగానే అలవాటు. వాడికి స్నానం తనే చేయించేది. అన్నం తనే కలిపి పెట్టేది. పడుకునేటప్పుడు తన చున్నీ కొసను వాడి చొక్కాకు ముడి వేసుకునేది, వాడు కదిలితే తనకు తెలియాలని. ఒకసారి వాడికి ఇంజెక్షన్ చేయించడానికి తీసుకెళ్తే, డాక్టరు సూది తీయగానే తన చెయ్యి కూడా చాపి, "నాకు గూడ ఎయ్యిన్రి, అప్పుడు ఆడు ఏడ్వడు" అంది. డాక్టరు నా వంక చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు వంక చూశాను.

మిగతా విషయాల్లో ఆ పిల్ల బంగారం. ఏం చెప్పినా "సరే ఆంటీ". తిన్న పళ్లెం తోమేసేది, పక్కవాడి పళ్లెం కూడా తోమేసేది. మంచం మీది దుప్పటి ముడత పడకుండా పరిచేది. బయట నుంచి ఎవరైనా హోమ్ చూడ్డానికి వస్తే మా సూపరింటెండెంటు గారు వాళ్లను నేరుగా మా ఇంటికే తీసుకొచ్చేవారు. ఆయన మెదక్ వైపు పాస్టరుగా చేసి రిటైరైన మనిషి. గుండె మెత్తన, గొంతు గట్టిది. "మా పిల్లల క్రమశిక్షణ చూడండి" అని ఆ పిల్ల తల నిమరబోయేవారు. ఆ చెయ్యి తలదాకా రాకముందే పిల్ల ఒక అడుగు పక్కకు జరిగేది. అది కూడా మర్యాదగానే, నవ్వుతూనే.

మా కౌన్సెలరు అప్పుడే చదువు ముగించి వచ్చిన అమ్మాయి. మొదటి నెలలోనే ఆ అమ్మాయి నాతో, "ఆంటీ, ఈ పాప ఇక్కడ ఉండట్లేదు, డ్యూటీ చేస్తోంది" అంది. నాకూ అది తెలుస్తూనే ఉంది. ఒకసారి పాలగ్లాసు చేతిలోంచి జారి పడింది. పిల్ల మొహంలో రక్తం లేదు. తన గౌనుతోనే నేల తుడిచి, గౌను ఉతికి ఆరేసి, నా ముందుకొచ్చి నిలబడింది. ఏమిటమ్మా అంటే మాట్లాడదు. దెబ్బ కోసం నిలబడిందని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఇక్కడ ఎవరూ కొట్టరు తల్లీ అన్నాను. "సరే ఆంటీ" అంది. నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పేముంది? అంతకుముందు ఎంతమంది ఎన్ని చెప్పి ఉంటారు.

అందరికంటే కష్టం మా ఆయనకు. ఆ పిల్ల మగవాళ్ల అడుగుల చప్పుడు వింటే చాలు, తమ్ముణ్ణి తీసుకుని వెనక వరండాలోకి వెళ్లిపోయేది. మా ఆయన నెమ్మదస్తుడు. దోమను కూడా తప్పుకోమని చెప్పి కొట్టే రకం. తన ఇంట్లో తనను చూసి ఒక పిల్ల పారిపోతుంటే ఆయన చాలా చిన్నబోయారు. చాక్లెట్లు తెస్తే బల్ల మీద పెట్టించుకుందే గానీ చేత్తో అందుకోలేదు. చివరికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. ఉన్నట్టుండి ఎదురుపడితే కదా భయం, వస్తున్నానని ముందే తెలిస్తే సర్దుకుంటుంది అనుకుని, సాయంత్రం గేటు దగ్గర నుంచే గట్టిగా పాట అందుకునేవారు. చర్చిలో పాడే పాటలే. కానీ ఆయన గొంతులో పడితే ఏ పాటైనా ఒకటే. వాచ్‌మన్ భాయ్ రోజూ నవ్వేవాడు, "సాబ్ ఆగయే" అని. పక్కింటి పిల్లలు వెక్కిరిస్తూ పాడేవారు. ఆయన మానలేదు.

పిల్ల మొదట వెనక వరండాలోకి వెళ్లేది. కొన్నాళ్లకు వంటింటిదాకా వెళ్లి ఆగేది. ఇంకొన్నాళ్లకు ముందుగదిలోనే ఉండి, తలుపుకు వీపు పెట్టకుండా గోడవారకు జరిగి కూర్చునేది. అంతే. ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. అయినా ఆయన నాతో, "ఇవాళ వంటింటిదాకా వెళ్లలేదు, చూశావా?" అని జీతం పెరిగినంత సంబరపడేవారు.

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన ఉండేది. ఇష్టమున్న పిల్లలు చేయొచ్చు, లేనివాళ్లు ఊరికే కూర్చోవచ్చు. ఏ పిల్లా తన ఇంటి దేవుణ్ణి గుమ్మం బయట వదిలి రానక్కర్లేదని సూపరింటెండెంటు గారు మొదటి రోజే మాకు చెప్పారు. ఆ పిల్ల ఎప్పుడూ ఊరికే కూర్చునేది. ఒకరోజు ఏమనుకుందో కళ్లు మూసుకుని, "దేవా, ఆంటీ పులుసుల బెల్లం ఎయ్యకుంట చెయ్యి" అంది. పిల్లలందరూ కూడబలుక్కున్నట్టు "ఆమెన్" అన్నారు. మా ఆయన గొంతు అందరికంటే గట్టిగా వినబడింది. ఆ ప్రార్థన వెంటనే ఫలించింది లెండి. ఆ పిల్ల తనంతట తాను ఏదైనా ఒకటి కావాలని కోరింది అదే మొదటిసారి. ఆ రాత్రి అన్నాలయ్యాక కౌన్సెలరుకు ఫోను చేసి మరీ చెప్పాను.

ఇలా ఏడాది గడిచింది. అప్పుడు వచ్చారు మేనమామా, ఆయన భార్యా.

గుడిమల్కాపూర్ మార్కెట్లో పూల వ్యాపారం వాళ్లది. చిన్న దుకాణమే. ఇద్దరూ తెల్లవారకముందే లేచి పోయే మనుషులు. పిల్లల తల్లి ఆయనకు సొంత అక్క. మా ఆఫీసు గదిలో కుర్చీ చివర కూర్చుని, పిల్లల్ని తమకిస్తే పెంచుకుంటామన్నాడు. భార్య చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. వాళ్లకు పిల్లల్లేరు.

నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పాలంటే, వాళ్లు వచ్చిన క్షణం నుంచే నాకు వాళ్లు నచ్చలేదు. ఒకే ఊళ్లో ఉండి ఇన్నాళ్లూ ఏం చేశారు? ఇప్పుడెందుకు గుర్తొచ్చారు? పైగా చిన్నవాడు అప్పటికి నన్ను "అమ్మా" అంటున్నాడు. వాణ్ణి మెల్లగా నా చేత్తో అన్నం తినేలా చేసుకున్నాను. కమిటీ వాళ్లు వెంటనే ఇచ్చేయమనలేదు. ముందు ప్రతి ఆదివారం వచ్చి పిల్లల్ని చూడమన్నారు, ఈలోగా ఇల్లూ వాకిలీ చూసి రమ్మని మావాళ్లకు చెప్పారు. ఆ వారమంతా నేను చేసిన ప్రార్థనలు నలుగురిలో చెప్పుకునేవి కావు.

సూపరింటెండెంటు గారు నా మొహం చూసి కనిపెట్టేశారు. "అమ్మా, మనం ఈడ ఉన్నది పిల్లల్ని ఉంచుకునేటందుకు గాదు, పంపించేటందుకు. ఉంచుకునే పని దేవుడు వేరేటోళ్లకు ఇచ్చిండు" అన్నారు. ఆయన మాట కాదనలేను. అలాగని ఒప్పుకోనూ లేదు.

ఆదివారాలు వచ్చిపోతున్నాయి. మార్కెట్లో బేరాలు తగ్గాక మధ్యాహ్నం వచ్చేవాళ్లు. మా ముందుగదిలో కూర్చునేవాళ్లు. పిల్ల వాళ్లకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, అడిగినదానికి జవాబు చెప్పి, తమ్ముణ్ణి పక్కనే కూర్చోబెట్టుకుని నిటారుగా ఉండేది. బడి ఎట్లుందంటే మంచిగున్నది. అన్నం తింటున్నవా అంటే తింటున్న. మర్యాదకు లోటు లేదు. మేనమామ చెమట తుడుచుకునేవాడు. అత్త పాపం ఏదో ఒకటి తెచ్చేది, పూలమాలలో, జామకాయలో. పిల్ల తీసుకుని, నమస్కారం పెట్టి, బల్ల మీద పెట్టేది.

ఆ ఆదివారం అత్త గరిజెలు చేసి తెచ్చింది, మా వైపు కజ్జికాయలంటాం. పెద్ద స్టీలు డబ్బా నిండా. మా ఆయన ఒక మూల కుర్చీలో పేపరు పట్టుకుని ఉన్నారు. కౌన్సెలరు అమ్మాయి నా పక్కన ఉంది. అత్త డబ్బా మూత తీసింది. చిన్నవాడు వాసనకు మెడ చాపాడు. అక్క వంక చూశాడు, డబ్బా వంక చూశాడు. తర్వాత అక్క చెయ్యి విడిపించుకుని నేరుగా వెళ్లి అత్త ఒళ్లో ఎక్కి కూర్చున్నాడు. ఒకటి తిన్నాడు. "ఇంకోటి" అన్నాడు. అత్త వాడి నోటి చుట్టూ అంటిన కొబ్బరి కోరు కొంగుతో తుడిచింది.

పిల్ల లేచింది. వెళ్లి ఆ డబ్బా లాక్కుని నేలకేసి కొట్టింది. స్టీలు డబ్బా బండల మీద పడి ఎగిరి మళ్లీ పడింది. గరిజెలు గది నిండా పగిలి చెల్లాచెదురయ్యాయి. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని అప్పటిదాకా మాకెవ్వరికీ తెలియదు.

"మా అమ్మను కొడుతుంటె మీరేడికి వోయిన్రు? నా చెయ్యి ఇరిగినప్పుడు ఏడికి వోయిన్రు? ఇప్పుడు గరిజెలు తెచ్చిన్రా?"

అంతే. ఆ మాట నోట్లోంచి వచ్చీ రాగానే ఆ పిల్లకు తానేం చేసిందో తెలిసొచ్చింది. వెళ్లి బీరువాకూ గోడకూ మధ్య సందులో కూలబడి, ఆ వంకర మోచేతిని తలమీదికి ఎత్తి పట్టుకుంది. ఆ మోచెయ్యి అలా లేవడం నేను చాలామంది పిల్లల్లో చూశాను.

నేను లేవబోతే కౌన్సెలరు నా చెయ్యి పట్టుకుని ఆపింది. ముందు కదిలింది మా ఆయన. పేపరు మడిచి పెట్టి, వంటింట్లోకి వెళ్లి చీపురు తెచ్చారు. పిల్ల వైపు చూడకుండా, వంగి గరిజెల ముక్కలు ఊడ్వడం మొదలుపెట్టారు. "చీమలు పడతాయి" అన్నారు, ఎవరితోనూ కాదు. బీరువా దాకా వచ్చి, అక్కడ కాస్త దూరంలో ఆగి, చీపురు తిప్పుకుని వేరే వైపు వెళ్లిపోయారు. మోచేతి కిందనుంచి ఒక కన్ను ఆ చీపురునే చూస్తోంది. చీపురు చేతిలో ఉన్న మగవాడు దాంతో నేల మాత్రమే ఊడ్చి వెళ్లిపోవడం ఆ పిల్ల ఎన్నిసార్లు చూసి ఉంటుందో నాకు తెలియదు.

అప్పుడు మేనమామ నోరు విప్పాడు. అతను ఏమేమో సాకులు చెబుతాడని, అప్పుడు కడిగేద్దామని నేను సిద్ధంగా ఉన్నాను.

"ఏడికి పోలే బిడ్డా" అన్నాడు. "ఈడ్నే ఉన్న. రోజు నయాపూల్ మీదికెళ్లే పోయెటోన్ని. మీ ఇంటి గల్లీ దాటుకుంటనే పోయిన. మా మాట ఇనకుంట పెండ్లి చేసుకున్నదని మీ అమ్మ మీద కోపం. ఆ కోపంల ఆమె ఎట్లున్నదో అర్సుకోలే. సచ్చిపోయినంక గూడ నెల దినాలకు తెల్సింది నాకు. అప్పుడు మొఖం చెల్లక రాలే. తప్పు నాదే. ఇంకెవరిది గాదు."

అత్త చిన్నవాణ్ణి ఒళ్లో పెట్టుకునే కుర్చీ దిగి నేల మీద కూర్చుంది, బీరువాకు దగ్గరగా కాదు, మరీ దూరంగానూ కాదు. అన్నాళ్లలో ఆమె పూర్తిగా ఒక మాట మాట్లాడటం అప్పుడే విన్నాను.

"ఇంకా తిట్టాలనుంటే తిట్టు బిడ్డా. మేమైతే పోము."

"పోన్రి" అంది పిల్ల సందులోంచి.

వాళ్లు వెళ్లలేదు. సమయం అయ్యేదాకా అలాగే కూర్చున్నారు. చిన్నవాడు చీపురుకు అందకుండా మిగిలిన ఒక ముక్క దొరకబుచ్చుకుని తిన్నాడు. వెళ్లేటప్పుడు అత్త ఖాళీ డబ్బా తీసుకుని నా దగ్గరికి వచ్చి, "అమ్మా, పిల్లల్ని ఎట్ల పెంచాల్నో నాకు తెల్వదు. ఎప్పుడు పెంచలే. మీరు జెర నేర్పియ్యాలె" అంది. ఏడాదిగా నేనూ అదే నేర్చుకుంటున్నానని ఆమెకు ఎలా చెప్పను? సరేనన్నాను. నా కోపమంతా ఆ ఒక్క మాటతో దిగిపోయింది. అది నాకు కాస్త కష్టంగానే తోచింది, దాన్ని అంత జాగ్రత్తగా పెంచుకున్నాను మరి.

మరుసటి ఆదివారం వాళ్లు మళ్లీ వచ్చారు. మళ్లీ గరిజెలే తెచ్చారు. పిల్ల డబ్బా విసరలేదు, తినలేదు కూడా. వాళ్లు వెళ్లాక నేను వంటింట్లోంచి తొంగి చూస్తే, నిలబడి ఒకటి తింటోంది. నన్ను చూసి, "ఉప్పు ఎక్కువైంది" అంది. తీపి గరిజెల్లో ఉప్పేమిటని నేను అడగలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో అసలైన కథ మొదలైంది. బంగారం లాంటి పిల్ల మాయమైపోయింది. పళ్లెం తోమమంటే "నేనే ఎందుకు తోమాలె?" అంటుంది. దుప్పటి ఎక్కడిదక్కడే. పక్క మంచం పిల్లతో జుట్టు పట్టుకుని పోట్లాడింది. లెక్కల టీచరుకు తోక తగిలించి బొమ్మ గీసింది. తలుపులు ధడేలున వేస్తుంది. నేను చెప్పింది చెప్పినట్టు ఆ పిల్ల వినడం ఏడాదిపాటు అలవాటైన ప్రాణం కదా నాది, రోజుకు ఒకసారైనా కౌన్సెలరుకు ఫోను చేసి మొర పెట్టుకునేదాన్ని. ఆ అమ్మాయి అవతల సంతోషంతో నవ్వేది. "తలుపు ఎంత గట్టిగా వేసింది ఆంటీ?" అని వివరాలు అడిగేది. దెబ్బ పడదని నమ్మకం కుదిరితేనే పిల్లలు తలుపులు అలా వేస్తారట. మంచిదే, తలుపుల గడియలు ఊడిపోతున్నాయమ్మా అనేదాన్ని.

ఒకరోజు ఎవరో పెద్దలు హోమ్ చూడ్డానికి వచ్చారు. సూపరింటెండెంటు గారు అలవాటుగా మా ఇంటికే తీసుకొచ్చి, ఆ పిల్లను పాట పాడమన్నారు. "నేన్ పాడ" అంది పిల్ల. సూపరింటెండెంటు గారు పెద్దగా దగ్గి, రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయారు. అయ్యో నొచ్చుకున్నారే అని వెనకే వెళితే, ఆయన స్తంభం పట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతున్నారు. "ఇన్నవా అమ్మా, పాడదట" అన్నారు. ఎవరికో చదువులో మొదటి బహుమతి వచ్చినట్టు.

చిన్నవాడి పని ఇప్పుడు సగం అత్త చూస్తోంది. ఆదివారం వాడికి తల స్నానం ఆమే చేయిస్తుంది. పిల్ల మొదట గుమ్మంలో కాపలా ఉండేది. కళ్లల్ల సబ్బు పోతుంది, మెల్లగ, అని అధికారం చేసేది. అత్త ఎంత చెబితే అంత అన్నట్టు చేసేది. కొన్ని వారాలకు గుమ్మంలో కాపలా మానేసింది. అక్కాతమ్ముళ్ల మధ్య ముడి కూడా ఎప్పుడు మానేసిందో నేను సరిగ్గా గమనించలేదు. ఒకరోజు పక్క దులుపుతుంటే చున్నీ మామూలుగా కొక్కేనికి వేలాడుతూ కనబడింది.

కమిటీ ముందుకు పిలుపు వచ్చింది. తండ్రికి కబురు పంపితే రాలేదు. మేం, పిల్లలు, కౌన్సెలరు, మేనమామ, అత్త, అందరం ఒక గదిలో కూర్చున్నాం. కమిటీ పెద్ద ఒక నడివయసు మేడం. నన్ను ముందు అడిగారు. పిల్లల్ని పంపవచ్చని చెప్పాను. చెప్పడానికి రెండుసార్లు నీళ్లు తాగాల్సి వచ్చింది. తర్వాత ఆమె పిల్లను దగ్గరికి పిలిచి, మామయ్య వాళ్లింట్లో ఉండటం నీకిష్టమేనా అని అడిగారు.

పిల్ల వెనక్కి తిరిగి మా వైపు చూసింది. నన్నే అడుగుతుందనుకుని నేను ముందుకు జరిగాను. ఏడాదిన్నర అన్నం పెట్టినదాన్ని, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదాన్ని. కానీ ఆ పిల్ల చూసింది నన్ను కాదు, మా ఆయన్ని.

"అంకుల్, ఆడ నాకు మంచిగ అనిపియ్యకపోతే మీరు వస్తరా?"

ఆ పిల్ల ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది. అంతకుముందు అవుననీ కాదనీ తలూపడమే గానీ ఆయన్ని పిలిచి ఏమీ అడిగింది లేదు. మా ఆయన లేచి నిలబడ్డారు, బడిలో టీచరు పిలిచినట్టు.

"వస్తానమ్మా" అన్నారు. "ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తాను" అని మళ్లీ అన్నారు.

మేడం మేనమామ వైపు తిరిగి, మీ ఇంట్లో ఉండబోయే పిల్ల ఇంకొకరిని రమ్మంటోంది, మీకేం అభ్యంతరం లేదా అని అడిగారు. అతను తల వంచుకుని ఆలోచించాడు.

"ఆయన వచ్చేదాంక ఎందుకు మేడం" అన్నాడు. "పోతనంటే నేనే బండి మీద తోల్కపోయి ఆళ్లింట్ల దించుత. మళ్ల వస్తనన్నప్పుడు పోయి తెస్త."

పిల్ల అతన్ని చాలాసేపు చూసింది. "అయితే పోతం" అంది మేడంతో. తమ్ముడి తరఫున కూడా తనే చెప్పేసింది.

వాళ్లు వెళ్లిన రోజు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మా ఇంట్లో పిల్లలందరూ కలిసి ఒక సంచీలో బొమ్మలు, బట్టలు సర్దారు. సూపరింటెండెంటు గారు ప్రార్థన చేశారు, అలవాటు కొద్దీ పొడుగ్గానే. చిన్నవాడు బండి మీద ముందు కూర్చోవాలని గొడవ చేశాడు. పిల్ల నాకు నమస్కారం పెట్టలేదు. వచ్చి నా నడుము చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుని, వెంటనే వదిలేసి పరిగెత్తింది. ఆ రోజు మా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి, పెరట్లో అవసరం లేని పనులు చాలా చేశారు.

తర్వాత ఎలా ఉన్నారో చూసి రావడం మా పనిలో భాగమే. కొన్ని నెలలు పోనిచ్చి, ఒక సాయంత్రం మేమిద్దరం గుడిమల్కాపూర్ వెళ్లాం. పూల మార్కెట్ వెనక సందులో రెండు గదుల ఇల్లు. గుమ్మంలో చామంతుల బుట్టలు. అత్త మమ్మల్ని చూసి కంగారు పడిపోయి, కుర్చీలు తుడిచి, లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది. చిన్నవాడు నన్ను చూసి ఒక క్షణం ఆలోచించి, గుర్తుపట్టి, తన కొత్త చెప్పులు చూపించాడు.

పిల్ల సందు చివర ఆడుకుంటోంది. నలుగురైదుగురు ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల గీతలు గీసుకుని ఒంటికాలి మీద గెంతుతున్నారు. అత్త గుమ్మంలోంచి కేక వేసింది, ఎవరొచ్చిన్రో చూడు అని. పిల్ల తిరిగి చూసింది. మొహం విప్పారింది. చెయ్యి ఊపింది. నేను లేచి నిలబడ్డాను, పరిగెత్తుకుంటూ వస్తుందని.

"ఆగున్రి ఆంటీ, ఈ ఆట అయినంక వస్త" అని అరిచింది.

మేం చాయ్ తాగాం. అత్త తన కష్టాలు చెప్పుకుంది. తల దువ్వించుకోదట, పొద్దున లేవదట, నిన్న ఏదో అంటే అన్నం మీద అలిగిందట. ఏం చెయ్యాలమ్మా అని అడిగింది. నేను చెప్పగలిగినవి చెప్పాను. ఈలోగా ఆ ఆట అయిపోయింది, ఇంకోటి మొదలైంది. ఆ సందులో ఏదో పెద్ద లొల్లి కూడా అయింది, బిళ్ల గీత మీద పడిందా, బయట పడిందా అని. అందరికంటే గట్టిగా వాదిస్తున్నది మా పిల్లే. మళ్లీ మా వైపు చూడనే లేదు.

పిలుస్తానని అత్త లేచింది. వద్దని మా ఆయన వారించారు. మేం చెప్పులేసుకుని ఆ సందులోంచి, ఆటకు అడ్డం రాకుండా గోడవారగా నడిచి బయటపడ్డాం. బస్సు ఎక్కాక ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. కాసేపటికి, "మనల్ని అసలు పట్టించుకోలేదు, చూశావా" అన్నారు. ఆ గొంతులో ఉన్నది ఫిర్యాదు కాదు. ఇల్లు చేరేదాకా ఆ మాటే ఇంకో రెండుసార్లు అన్నారు, చెప్పుకోవడానికి ఇంకెవరూ లేనట్టు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీకు నేను చెప్పగలిగింది ఇంతే. పిల్లలు మీ మెడ పట్టుకుని వదలకపోతే, బాగా చూసుకున్నామని పొంగిపోతారు. పొంగిపొండి, కాదనను. కానీ ఏదో ఒకరోజు మీరు వాళ్లను చూడాలని పనిగట్టుకుని వెళ్తే, వాళ్లు ఆటలో పడి మిమ్మల్ని కూర్చోబెట్టి మర్చిపోతారు. ఆ రోజు వస్తే పిలిపించకండి. ఇచ్చిన చాయ్ తాగి, లేచి వచ్చేయండి.